ఇంజక్షన్ పనిచేయకపోతే ఇక మందే లేదా?

గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని ఉండగా మా బావగారు ఫార్వర్డ్ చేశారు ఆ మెసేజ్. అప్పటికే మూడు గ్రూపులు తిరిగొచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజక్షన్ పనిచేయడం మానేస్తే ఇక మందు లేదు, ఇంజక్షన్లు ఆపేయండి, డెబ్బై దాటినవాళ్లకి కీమో అంటే చంపడమే, లక్ష్మణఫలం కషాయం కీమో కంటే పదివేల రెట్లు మేలు, నడుం నొప్పికి నూనె రాస్తే చాలు. లోపల డాక్టరు గదిలో ఉన్నది మా పెదనాన్నే. అందుకే రాస్తున్నా.

"ఇక మందు లేదు." రక్తంలో పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి వచ్చే ప్రొటీన్, జబ్బు కదలికకి గుర్తు) పెరిగిందనగానే డాక్టరుగారు ముందు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పరీక్ష రాశారు. అది డెసీలీటరుకి 50 నానోగ్రాముల లోపు ఉండి కూడా జబ్బు పెరుగుతుంటేనే హార్మోన్ వైద్యానికి లొంగనట్టు లెక్క. ఇంజక్షన్ తేదీ దాటిపోయి టెస్టోస్టెరాన్ పెరిగి ఉంటే లెక్క వేరు. లొంగలేదని తేలినా మందులున్నాయి. అమెరికాలో 2004లో డోసిటాక్సెల్ అనే కీమో మందుకి, 2011లో అబిరాటెరోన్‌కి, 2012లో ఎంజాలుటమైడ్‌కి (ఈ రెండూ హార్మోన్‌ని అడ్డుకునే మందులు) అనుమతి వచ్చింది. ఇవి జబ్బుని మాయం చేయవు. ఆయుష్షు పెంచుతాయి, నొప్పి తగ్గిస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇదివరకు ఏం వాడారో దాన్నిబట్టి ఉంటుంది. అబిరాటెరోన్‌కి లొంగని జబ్బు ఎంజాలుటమైడ్‌కి కూడా చాలాసార్లు అంతగా లొంగదు.

"ఇంజక్షన్లు ఆపేయండి." అన్నిటికంటే ప్రమాదం ఇదే. ఇంజక్షన్‌తో వృషణాల్లో టెస్టోస్టెరాన్ తయారీని ఆపినా, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కొంచెం హార్మోన్ ఇస్తాయి, గడ్డ తనంతట తానే కొంత తయారుచేసుకుంటుంది, ఆ కాస్తతోనే పెరగడం నేర్చుకుంటుంది. అబిరాటెరోన్ ఆ తయారీని అడ్డుకుంటుంది. ఇంజక్షన్ ఆపేస్తే వృషణాలు మళ్లీ పనిలోకి దిగొచ్చు. అందుకే కొత్త మందు మొదలుపెట్టినా ఇంజక్షన్ సాగుతూనే ఉంటుంది. ఆపరేషన్‌తో వృషణాలు తీసేసినవాళ్లకి మాత్రం ఆ అవసరం లేదు.

ఆ అబిరాటెరోన్ మాత్రలకి ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. మా పెదనాన్న మిర్చి యార్డులో గుమస్తాగా ముప్పై ఏళ్లు చేసిన మనిషి, కాఫీ పడందే నోరు విప్పని మనిషి. పొద్దున్నే ఐదింటికి నాలుగు మాత్రలు మింగి గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంటారు. "ఏమే, ఆరయిందా?" అని వంటింట్లోకి కేక. "ఇంకా పావుగంటుంది, చూస్తూనే ఉన్నారుగా" అని పెద్దమ్మ. తోడుగా స్టెరాయిడ్ మాత్ర ఉంటుంది. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పనిసరి.

"డెబ్బై దాటితే కీమో చంపుతుంది." వయసు కాదు చూసేది, ఒంట్లో సత్తువ, గుండె, రక్తకణాలు. నీరసం, వేళ్ల తిమ్మిర్లు నిజమే. కీమో మధ్యలో జ్వరం వస్తే ఇంట్లో ఉండకూడదు, అదీ నిజమే. డోసిటాక్సెల్ తర్వాత కాబాజిటాక్సెల్ అనే ఇంకో కీమో ఉంది. దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేసే బీఆర్‌సీఏ జన్యువులో తేడా ఉంటే ఒలాపరిబ్ అనే మాత్ర ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీది ప్రొటీన్‌ని వెతికే పీఎస్ఎంఏ స్కాన్‌లో గడ్డలు వెలిగితే లుటీషియం అనే రేడియోధార్మిక మందు ఉంది. జన్యు పరీక్ష సంగతి మీరే అడగండి, అడగందే రాయనివాళ్లూ ఉన్నారు.

లక్ష్మణఫలం "పదివేల రెట్లు" అన్నది ప్రయోగశాలలో గాజు పాత్రలోని కణాల మీద ఒక పదార్థంతో వచ్చిన ఫలితం. మనుషుల్లో రుజువు కాలేదు. పైగా కరీబియన్ దీవి గ్వాదెలూప్‌లో దీన్ని ఎక్కువగా వాడినవాళ్లలో పార్కిన్సన్స్‌ని పోలిన జబ్బు కనిపించిందని వైద్యులు రాశారు. పండు ఎప్పుడో ఒకటి తింటే తినండి. కషాయం పేరుతో మందు మానకండి.

ఇక నడుం నొప్పి. ఈ జబ్బు ఎక్కువగా పాకేది ఎముకలకే. వెన్నుపూసలో పెరిగి వెన్నుపాముని నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. కొత్తగా నడుం నొప్పి మొదలై కాళ్లలో పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగుసుకుపోయినా నూనె జోలికి పోకుండా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఎమ్మారై తీసి, స్టెరాయిడ్ ఇచ్చి, రేడియేషనో ఆపరేషనో చేస్తారు. నడవగలిగినప్పుడే వెళ్లినవాళ్లు నడుస్తూ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.