మందులు మనం రాయం కదా అనే ఫిజియో పిల్లలకి

మా శ్రీకాకుళం క్లినిక్‌కి ఇంటర్న్‌షిప్‌కొచ్చిన కుర్రాడు నిన్న "అన్నా, మందులు మనం రాయం కదా, మరి ఫార్మకాలజీ (మందులెలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు) పేపర్ ఎందుకు పెట్టినట్టు" అన్నాడు. చిర్రెత్తుకొచ్చింది గానీ వాడి తప్పేం లేదు, నేనూ పరీక్షకి వారం ముందు సీనియర్ల జిరాక్సులు బట్టీ కొట్టి గట్టెక్కినోణ్ణే.

నా ఇంటర్న్‌షిప్‌లో 62 ఏళ్ల తాతని సైకిల్ ఎక్కించాను. 220లోంచి వయసు 62 తీస్తే గుండె గరిష్ఠ వేగం 158, అందులో 60 శాతం అంటే పల్స్ 95కి రావాలని నా లెక్క. 84 దగ్గర ఆగిపోయింది, ఎంత తొక్కించినా కదల్దు. ఇంకొంచెం తాతా ఇంకొంచెం అంటూనే ఉన్నాను, ఆయన బనీను తడిసి ఒంటికంటుకుపోయింది, మాట పెగలట్లేదు, ఇక చాలని చెయ్యూపాడు. సీనియర్ వచ్చి ఆయన సంచిలో మందుల కవర్ తీస్తే అటెనొలాల్ 50, బీటా బ్లాకర్ రకం మందు. గుండె వేగాన్ని పట్టి ఉంచడమే ఆ బిళ్ల పని, దాని ముందు నా 220 లెక్క ఏం చెల్లుతుంది? అలాంటోళ్లకి బోర్గ్ స్కేల్ వాడాలి, 6 నుంచి 20 దాకా ఉంటుంది, ఎంత కష్టంగా ఉందో ఆయన్నే అడిగి 11-13 మధ్య ఉంచాలి. మాకు పరీక్షలో బీటా బ్లాకర్ల వర్గీకరణ అడిగారు గానీ ఈ సైకిల్ సంగతి ఎవడూ అడగలేదు, నా మంటంతా అక్కడే.

తొడకి ఇన్సులిన్ పొడుచుకుని వెంటనే కాళ్ల ఎక్సర్‌సైజులు చేస్తే మందు తొందరగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు. పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) పేషెంట్‌ని ఆ జబ్బుకిచ్చే లెవోడోపా పనిచేస్తున్న టైమ్ చూసి నడిపించాలి. సిప్రోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్‌తో పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్ తెగొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే మందు వివరాల్లో అన్నిటికంటే గట్టిదైన బ్లాక్ బాక్స్ హెచ్చరిక పెట్టించింది, మనమేమో మడమ నొప్పి అనగానే ఏం మందులు వాడారో అడక్కుండా హీల్ రైజులు (మడమలెత్తి దించడం) మొదలెట్టేస్తాం.

ఇక మన ఉద్దానం. కవిటి, సోంపేట వైపు నుంచి జీడితోటల్లో పనిచేసే ఆడోళ్లు నడుం నొప్పని వస్తారు. అక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని తేలలేదు, నొప్పి బిళ్లల వల్లే అని నేను అనట్లేదు, కానీ డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీకైతే మరీ చేటు. మొన్నొక పెద్దమ్మని మందులేమైనా వాడుతున్నావా అంటే "మందులేటీ నేవు బావూ" అంది. కాసేపటికి డబ్బులు తీద్దామని చెంగు ముడి విప్పితే సగం అయిపోయిన డైక్లోఫినాక్ స్ట్రిప్ కనబడింది. ఇదేంటమ్మా అంటే "అది మందేటి, నొప్పి బిల్ల కదా" అంది! బీపీకీ షుగర్‌కీ వేసుకునేవే ఆవిడ దృష్టిలో మందులు. అప్పట్నుంచి నేను మందుల సంగతి తర్వాత, ముందు "నొప్పికేటైనా ఏసుకుంతన్నావా" అనే అడుగుతున్నాను.

బిళ్ల ఆపమనో మార్చమనో చెప్పే పని మనది కాదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ ఒకసారి చూడమని డాక్టర్‌కి చీటీ రాసిచ్చాను. నడుముకి కరెంటు పెట్టమంటే కాయితం ఇచ్చావేటని పెద్దమ్మ నన్ను తిట్టుకుంటూ వెళ్లింది.