మహారాజశ్రీ ఒకటో తారీఖు గారికి

పొందూరు నుంచి ఒక కోడలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీకేం, నెలనెలా అత్తకి సర్కారు పింఛను పట్టుకుని తెల్లారగానే దిగుతారు, ఆదివారం పడితే ఒకరోజు ముందే వస్తారు. మా మరిదీ మీలాంటివాడే. హైదరాబాద్‌లో ఉంటాడు, మీరొచ్చిన రోజే ఫోన్ చేస్తాడు. "అమ్మకి పింఛను అందిందా వదినా?" అంటాడు. అమ్మ ఎలా ఉందన్నది రెండో ప్రశ్న. అది అడిగే వేళకి సిగ్నల్ పోతుంది.

మీ మీద నాకు కోపం లేదని ముందే చెప్పుకుంటాను. 2024 జూలైలో మీరు మా ఇంటికి 7,000 పట్టుకొచ్చారు. పింఛను 4,000, వెనకటి మూడు నెలల బకాయి 3,000. అత్త ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, మనవడి చేతిలో వంద పెట్టి, మిగతాది బొడ్లో దోపుకుంది. అప్పటికింకా గుమ్మం దాకా తనే నడిచొచ్చేది. కొడుకు ముందు చెయ్యి చాచక్కర్లేని ముసలిదాని నడకలో ఒక దర్జా ఉంటుంది. అది మీ వల్లే వచ్చింది, కాదనను.

ఆ తరవాతి సంక్రాంతి ముందు నూతి గట్టు మీద జారిపడింది. తుంటి విరిగింది. అప్పట్నుంచి మంచమే. ఇప్పుడు 82.

పోయిన నెల మీరొచ్చినప్పటి సంగతి మీకు గుర్తుందో లేదో, మీకు చాలా ఇళ్ళు. పింఛను పంచే గ్రామ సచివాలయం పిల్లడు మంచం పక్కన గొంతుక్కూర్చుని అత్త బొటనవేలు మిషను మీద పెట్టాడు. ఎర్రలైటు. తుడిచి పెట్టాడు. ఎర్రలైటు.

"మామ్మా, గట్టిగా నొక్కు."

"నొక్కుతునే ఉన్నాను బాబూ. నేను బతికున్నానంటే నీ మిషనుకి నమ్మకం లేదేటి?"

ఆ పిల్లడి తప్పేం లేదు. అత్త యాభై ఏళ్ళు రాట్నం తిప్పింది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, కంటికి ఆనని సన్నదారం తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంత దారం జారాక గీతలేం మిగులుతాయి? పొందూరు ఖద్దరు కట్టిన ఏ పెద్దమనిషి పంచె మీదో ఉండుంటాయి ఆ వేలిముద్రలు. మిషనులో మాత్రం లేవు. చివరికి కిటికీలో ఉన్న వేసిలిన్ డబ్బా తీసి వేలికి పులిమితే అయిదోసారి పచ్చలైటు వెలిగింది.

తరవాత ఫోటో. నేను మంచం మీద కూర్చుని, అత్త వీపు నా భుజానికి ఆనించి లేపి పట్టుకున్నాను. "పిన్నీ, కొంచెం పక్కకి రండి, మీరు ఫోటోలో పడుతున్నారు" అన్నాడు. నేను పక్కకి జరిగితే అత్తా నాతోపాటే ఒరిగిపోయింది. మళ్ళీ లేపి, ఈసారి నా బదులు దిండు పెట్టాం. దిండు ఫోటోలో పడినా పరవాలేదట.

అందుకే ఈ ఉత్తరం. మీ లెక్కల్లో దిండుకున్న చోటు నాకెందుకు లేదో కనుక్కుందామని.

డబ్బు మాట ముందు తేల్చేద్దాం. పెద్దవాళ్ళ డైపర్లు పది ఉన్న ప్యాకెట్ మా ఊళ్ళో 400 పైమాటే. రోజుకి మూడంటే నెలకి తొమ్మిది ప్యాకెట్లు. మీరు తెచ్చిన నాలుగు వేలు అక్కడికే సరి. అందుకని రాత్రి ఒక్కటే వాడి, పగలంతా పాత నేత చీరలు చింపి కడతాను. ఉతికి ఆరేస్తే దండెం నిండా అత్త చీరలే. పూర్వం అవి కట్టుకుని అరసవల్లి వెళ్ళేది. విశాఖ నుంచి మనిషిని పెట్టుకుందామని ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాం. పగటిపూట పన్నెండు గంటలకే నెలకి 18 వేలన్నారు. మా ఆయన పైడిభీమవరంలో షిఫ్టు చేసి తెచ్చేదానికి అది దగ్గర దగ్గరగా ఉంది. ఆయనే ఉద్యోగం మానేసి అమ్మని చూసుకుంటే లాభం కదా అన్నాను. "ఛీ, మగాణ్ణి" అన్నారు. సరే, ఆ సంగతి మీకెందుకు.

పక్షవాతమో ప్రమాదమో జరిగి మంచాన పడ్డవాళ్ళకి 15,000 పింఛను ఉందని విని, ఆటోలో పడుకోబెట్టి వైద్య శిబిరానికి తీసుకెళ్ళాం. నూతి గట్టు మీద పడడం ప్రమాదం కిందకి రాదమ్మా, వయసు కిందకి వస్తుంది అన్నారు. పడేముందు మా అత్త అది చూసుకోలేదు. 70 దాటిన వాళ్ళకి కేంద్రం ఆరోగ్య కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా. కాకపోతే ఆసుపత్రి మంచం మీదుంటేనే. ఇంట్లో నవారు మంచానికి అది చెల్లదు.

ఇక ఆశ్రమాల సంగతి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది దిక్కులేని వృద్ధులకి సరిపడా ఆశ్రమాలు రాష్ట్ర ప్రభుత్వం "ఏర్పాటు చేయవచ్చు" అని అందులో ఉంది. ఆ "వచ్చు" నాకు భలే నచ్చింది. వస్తుందనీ కాదు, రాదనీ కాదు. మా మరిది పండక్కి వచ్చే సంగతి కూడా అలాగే చెప్తాడు.

అదే చట్టంలో, ముసలివాళ్ళని చూసుకోవలసినవాళ్ళు వదిలేసిపోతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ అని ఉంది. మంచిదే. మరి వదలకుండా ఉన్నవాళ్ళకేముందని మా అమ్మాయి చేత ఫోన్‌లో వెతికించాను. అసలు కోడలన్న మాటే కనిపించలేదు. ఆ చట్టానికి పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. 2019లో కోడల్నీ అల్లుణ్ణీ కూడా చేర్చాలని పార్లమెంటులో బిల్లు పెట్టారట. గుర్తించారు కదా అని మురిసిపోబోయాను. పోషణ ఖర్చు కట్టవలసినవాళ్ళ వరసలో చేర్చడానికట.

అన్నిటికన్నా నన్ను ఊరించింది అటల్ వయో అభ్యుదయ యోజన. స్వచ్ఛంద సంస్థ ఏదైనా 25 మంది వృద్ధులతో ఆశ్రమం నడిపితే కేంద్రం గ్రాంటు ఇస్తుంది. అంటే తిండి పెట్టి, ఒళ్ళు తుడిచి, మందులిచ్చే పనికి డబ్బుంటుందని ప్రభుత్వానికి తెలుసన్నమాట! నేను చేసేది అదే పని. నాకున్న లోటల్లా ఇంకో 24 మంది అత్తలు. మా వీధిలో అడిగి చూశాను. ఇస్తామన్నవాళ్ళు ఆరుగురు దొరికారు, అందులో ఇద్దరు ఇవాళే పంపేస్తామన్నారు.

కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది. మంచాన పడ్డవాళ్ళని ఇంట్లో చూసుకునే మనిషికి నెలకి 600 అని పెట్టారు. ఆరొందలు డైపర్లకే చాలవు, నాకు తెలుసు. కానీ ఆ కాగితం మీద మంచం పక్కన ఇంకో మనిషి ఉంటుందని ఎవరో రాశారు. మన కాగితంలో లబ్ధిదారు పేరు, భర్త పేరు, కార్డు నంబరు ఉంటాయి. భర్త పోయి ఇరవై ఏళ్ళయినా ఆయనకో గడి ఉంది.

నాకు జీతం ఇమ్మని అడగను. అత్తకి నీళ్ళు పోసినందుకు డబ్బు తీసుకుందంటే మా ఆడపడుచులు ఊరుకోరు. పోసినప్పుడు ఒక్కరూ రారనుకోండి, అది వేరే విషయం. నాకు కావలసింది నెలకి ఒక పూట. మీరొచ్చినప్పుడు ఆ పిల్లడితోపాటు ఒక ఆయానో నర్సునో పంపించి మధ్యాహ్నం దాకా మంచం దగ్గర కూర్చోబెట్టండి. నాకు పన్ను నొప్పెట్టి నాలుగు నెలలైంది, శ్రీకాకుళం వెళ్ళి చూపించుకోవాలి. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే కాస్త కునుకు తీస్తాను.

అత్తని పక్కకి తిప్పి రెండు గంటలు కావస్తోంది, రెండో పక్కకి తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద పుండు మళ్ళీ రేగుతుంది. ఈసారి వచ్చేటప్పుడు ఆ పిల్లణ్ణి సొంత వేసిలిన్ డబ్బా తెచ్చుకోమని చెప్పండి. పోయిన నెల మిషనుకి వాడింది ఆ పుండు చుట్టూ రాసేది.

ఇట్లు,
ఫోటోలో పడని మనిషి