తలకు ఆపరేషన్ జరుగుతున్నప్పుడు బీపీ తగ్గడం శుభవార్తేనా?

మెదడు, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి తలకు దెబ్బ తగిలినవారిని, మెదడులో గడ్డలున్నవారిని బెంగళూరుకు తీసుకువస్తూనే ఉంటారు. ఇక్కడ మత్తు డాక్టరుగా పనిచేసే నన్ను బంధువులు తెలుగులో అడిగే మొదటి ప్రశ్న, "బీపీ తగ్గిందా మేడం?" 180/100 ఉన్నది 110/70కి దిగిందంటే వాళ్లు స్థిమితపడతారు, నాకు మాత్రం అప్పుడే కంగారు మొదలవుతుంది.

పుర్రె సాగదు. లోపల గడ్డ పెరిగినా, రక్తం చేరినా, సాధారణంగా 5 నుంచి 15 మిల్లీమీటర్లు (బీపీలాగే పాదరసం లెక్కలో) ఉండే తలలోపలి ఒత్తిడి 30 దాకా పోవచ్చు. సగటు బీపీలోంచి ఆ ఒత్తిడిని తీసివేయగా మిగిలిందే మెదడుకు రక్తాన్ని అందించే బలం. సగటు అంటే కింది అంకెకు రెండు అంకెల తేడాలో మూడో వంతు కలిపితే వచ్చేది. 180/100కి అది సుమారు 127, తలలో ఒత్తిడి 30 ఉంటే మిగిలేది 97. 110/70 అయితే 53 మాత్రమే, గాయపడిన మెదడుకు కనీసం 60 ఉండాలన్నది మేము పాటించే లెక్క. తలలో ఒత్తిడి మితిమీరినప్పుడు బీపీ పెరిగి నాడి నెమ్మదించడం మెదడు తనను తాను కాపాడుకునే ప్రయత్నమని అమెరికా మెదడు సర్జన్ హార్వే కుషింగ్ 1901లోనే చూపించాడు. ఆ బీపీని చూసి హడావిడిగా ఇంజెక్షన్ ఇచ్చేవారంటే నాకు కోపం. అయితే ఉబ్బిన రక్తనాళానికి ఇంకా క్లిప్ పడకముందు గానీ, ఆపరేషన్ ముగిసి రోగి మేలుకొనేటప్పుడు గానీ బీపీ ఎగబాకితే రక్తస్రావమవుతుంది కాబట్టి అప్పుడు అదుపు చేయక తప్పదు.

"బ్రెయిన్ టైట్‌గా ఉంది" అని సర్జన్ అనగానే మెదడు వాపు తగ్గించే మానిటాల్ మందు వైపు చేయి చాచడం కూడా నాకు నచ్చదు. ముందు మెడ చూడాలి. మెడ బాగా తిరిగి ఉన్నా, శ్వాస ట్యూబు కదలకుండా మెడ చుట్టూ కట్టిన తాడు బిగుసుకున్నా, తలలోని రక్తం కిందికి దిగక మెదడు ఉబ్బుతుంది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. వెంటిలేటరుతో శ్వాస వేగం పెంచి కార్బన్ డయాక్సైడును తగ్గిస్తే రక్తనాళాలు ముడుచుకుని ఒత్తిడి దిగుతుంది గానీ, అతిగా చేస్తే మెదడుకు అందవలసిన రక్తమే తగ్గిపోతుంది. తల ఎత్తి పడుకోబెట్టినప్పుడు బీపీని గుండె ఎత్తులో కాక చెవి ఎత్తులో కొలవాలి, ఎందుకంటే 20 సెంటీమీటర్ల తేడా సుమారు 15 మిల్లీమీటర్లను దాచేస్తుంది.

ఏళ్ల తరబడి బీపీ ఉన్న మనిషి మెదడు ఎక్కువ ఒత్తిడికే అలవాటుపడి ఉంటుంది కనుక, పాత చీటీలు, వాడే మాత్రలు తప్పకుండా తీసుకురండి. ఇక పంపించే ఆసుపత్రులవారు రెఫరల్ చీటీలో ఒక్క బీపీ అంకె రాసి సరిపెట్టకుండా నాడి, కనుపాపల పరిమాణం, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారన్నది కూడా రాయాలి.