సవరణ: 'ద లాస్ట్ సింబల్' గురించి మొన్న రాసినది

డాన్ బ్రౌన్ థ్రిల్లర్ నవల 'ద లాస్ట్ సింబల్' మన బెంగళూరు తెలుగు పాఠకుల్లో చాలామందిని నిరాశపరచడానికి కారణం పొట్టి అధ్యాయాలేనని మొన్న రాశాం. అది తప్పు. ఆయనదే 2003 నాటి నవల 'ద డా విన్చీ కోడ్'లోనూ 105 అధ్యాయాలు. అయినా జనం వదలకుండా చదివారు. అసలు చిక్కు దాపరికంలో ఉంది. పాత్ర కవరు విప్పి చూసి అదిరిపడుతుంది, అక్కడితో అధ్యాయం సరి. లోపల ఏముందో ఆ పాత్రకు తెలుసు, మనకే చెప్పరు. ఒకసారైతే ఉత్కంఠ, పదోసారికి ఒళ్లు మండుతుంది. దాచినకొద్దీ ఆశ పెరుగుతుంది, తీరా బయటపడేది ఆ ఎత్తుకు అందదు.

'ద లాస్ట్ సింబల్' వెలువడిన ఏడాది కూడా 2008 అని పడింది. 2009 సెప్టెంబర్ అని చదువుకోండి. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ కాపీ కొన్నవాళ్లకు ఒక మాట: నిద్ర కావాలంటే అధ్యాయం చివర కాదు, మధ్యలో ఆపండి. తర్వాతి అధ్యాయంలోకి లాగే కొక్కెం ఉండేది చివరి రెండు వాక్యాల్లోనే.