మూడు గంటలు చూసొచ్చి వెనిస్‌ను తిట్టడమా?

వేసవి సెలవులు దగ్గరపడగానే మన గ్రూపుల్లో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. "పిల్లలున్నవాళ్లు వెనిస్ జోలికి వెళ్లకండి" అని దాని సారాంశం. కాలువల పక్కన రెయిలింగులు ఉండవు, స్ట్రోలర్ నడవదు, ఊరంతా కంపు, గొండోలా అనే తెడ్డు పడవకు తలకు తొంభై యూరోలు, ఊళ్లో అడుగుపెట్టాలంటేనే పిల్లలకు సైతం టికెట్, శాకాహారులకు తిండి దొరకదు, పిల్లలు చూసేదేమీ లేదు, అసలు ఒక పూట చాలు. ఇవీ పాయింట్లు. ఒకటి రెండు నిజమే. మిగతావాటిలో కొన్ని సగం నిజం, కొన్ని పచ్చి తప్పు.

చివరి పాయింటే మిగతావాటికి తల్లి కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

"ఒక పూట చాలు." గ్రూప్ టూర్ బస్సు ఊరి అంచున, బస్సులు ఆపే ట్రొంకెట్టో దగ్గర ఆగుతుంది. అక్కడినుంచి పడవలో ఊరి ప్రధాన కూడలి సాన్ మార్కో రేవు. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, ఊళ్లో రద్దీ అంతా ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ దింపి "మూడున్నరకు ఇక్కడే ఉండండి" అంటారు. గాజు కొలిమి ఒకటి చూపిస్తారు, రియాల్టో వంతెన మీద ఫొటో దిగుతారు, అయిపోయింది. అలా తిరిగితే పెద్దవాళ్లకే ప్రాణం విసుగెత్తుతుంది, ఐదేళ్లవాడు ఏడవక ఏం చేస్తాడు? పిల్లలతో వెనిస్ బాగుండేది పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు దాటాక. మధ్యలో గదికి తీసుకెళ్లి పడుకోబెట్టే వీలుండాలి. నీళ్లకు ఇవతల, నేల మీదున్న మెస్ట్రెలో హోటళ్లు చవకే, రైలెక్కితే పది నిమిషాల్లో రావచ్చు, కానీ ఆ మధ్యాహ్నం కునుకు మాత్రం పోతుంది. కనీసం రెండు రాత్రులు పాత ఊళ్లోనే ఉండమంటాను.

"రెయిలింగులు ఉండవు, పిల్లలు నీళ్లలో పడిపోతారు." దీన్ని కొట్టిపారేయను. చాలాచోట్ల గట్టుకు అడ్డమేమీ ఉండదు. కొన్ని సందులు మలుపు తిరగ్గానే నేరుగా నీళ్లలోకి దిగే మెట్ల దగ్గర తేలతాయి, ఆ మెట్లకు పాచి పట్టి ఉంటుంది. నడక కొత్తగా వచ్చిన పిల్లల చెయ్యి వదలకూడదు, అంతే. అయితే ఫార్వర్డ్ రాసినవాళ్లు రెండో వైపు చెప్పలేదు. ఈ ఊళ్లో కార్లు లేవు, స్కూటర్లు లేవు, సైకిల్ తొక్కడం కూడా నిషేధమే. రోమ్‌లోనో, ఆమాటకొస్తే అమీర్‌పేటలోనో, పిల్లల్ని రెక్క పట్టుకుని రోడ్డు దాటించే టెన్షన్ ఇక్కడ రోజంతా ఉండదు. పైగా నీళ్లకు దూరంగా కాంపోలనే ఖాళీ స్థలాలు ఉన్నాయి. సాన్ జాకొమో దెల్లోరియో, సాంతా మార్గరీతా లాంటి చోట్ల సాయంత్రం ఆ ఊరి పిల్లలు బంతాడుతుంటారు. మీ వాళ్లను వదిలి బెంచీ మీద కూర్చోండి, భాష రాకపోయినా పది నిమిషాల్లో ఆటలో కలిసిపోతారు. చాలా కాంపోల నడుమ మూతేసిన రాతి బావి కనిపిస్తుంది. చుట్టూ ఉప్పునీళ్లే కాబట్టి, వాననీటిని నేల కింద ఇసుకలో వడగట్టి ఆ బావుల్లో నిలవ చేసుకుని బతికిన ఊరిది. 1884లో పైపుల్లో నీళ్లు వచ్చేదాకా అదే ఆధారం. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇది చెప్పి చూడండి, చర్చిల గురించి వినని చెవులు దీనికి తెరుచుకుంటాయి.

"స్ట్రోలర్ నడవదు." నిజం. వంతెనలు నాలుగు వందలకు పైనే, ఎక్కువ వాటికి మెట్లు. మూడేళ్లలోపు వాళ్లుంటే ఒంటికి కట్టుకునే క్యారియర్ తెచ్చుకోండి. స్ట్రోలర్ తప్పదంటే తేలిగ్గా మడతపడేది తీసుకుని, నడక తగ్గించి వపోరెట్టో ఎక్కండి. అది ఆ ఊరి సిటీ బస్సు, నీళ్ల మీద తిరుగుతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు ఉచితం. ఒక టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. రోజంతా తిరగాలంటే 25 యూరోల పాస్ నయం. మొదటి నంబరు పడవ పియాజాలే రోమా దగ్గర ఎక్కి ముందు వైపు సీటు దొరకబుచ్చుకుంటే, ఊరి నడుమ పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా ముప్పావుగంట షికారు.

కంపు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కాలువల నీళ్లు నిలవ నీళ్లు కావు, సముద్రపు ఆటుపోట్లతో రోజుకు రెండుసార్లు కదిలేవి. నడివేసవిలో ఆటు వేళ ఇరుకు కాలువల్లో బురద వాసన వస్తుంది, మిగతా కాలమంతా ముక్కు మూసుకోనక్కర్లేదు.

ఇక "గొండోలాకు తలకు తొంభై". ఇది పచ్చి తప్పు. తొంభై యూరోలు పడవకు, మనిషికి కాదు. 2023 నవంబరులో పెంచిన అధికారిక ధర ప్రకారం పగలు అరగంటకు 90, రాత్రి ఏడు దాటాక 35 నిమిషాలకు 110. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. నలుగురున్న కుటుంబానికి అదీ భారమేననిపిస్తే ట్రగెట్టో ఉంది. గ్రాండ్ కెనాల్‌ను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే పెద్ద గొండోలా, మనిషికి రెండు యూరోలు. రియాల్టో మార్కెట్‌కు ఎదురు గట్టున సాంతా సోఫియాలో ఎక్కితే రెండు నిమిషాల్లో అవతల. పిల్లలకు గొండోలా ఎక్కిన ముచ్చట తీరిపోతుంది, మీకు ఎనభై యూరోలు మిగులుతాయి. నా ఓటు దీనికే.

"ఊళ్లోకి రావడానికే టికెట్, పిల్లలకు కూడా." టికెట్ 2024 ఏప్రిల్ 25న మొదలైన మాట నిజం. ఆ ఏడాది 29 రోజులు, 2025లో 54 రోజులు అమలు చేశారు. వసంతం నుంచి జూలై చివరి దాకా రద్దీ రోజులకు, అదీ పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా మాత్రమే. ముందుగా కొంటే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో 10. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు అసలు లేదు. ఊళ్లోనే రాత్రి బస చేసేవాళ్లకూ లేదు, ఆన్‌లైన్‌లో మినహాయింపు నమోదు చేసుకుంటే చాలు. అంటే ఈ రుసుము పెట్టిందే పొద్దునొచ్చి సాయంత్రం పోయేవాళ్ల కోసం. మళ్లీ ఆ మూడు గంటల టూరు దగ్గరికే వచ్చాం.

"శాకాహారులకు తిండి లేదు." పిజ్జా పుట్టిన దేశంలో ఈ మాటేంటో! మార్గరీటా ఎక్కడైనా దొరుకుతుంది, టమాటా పాస్తా, ఆలుగడ్డ ఉండల్లాంటి నోకీ, మొక్కజొన్న పిండితో చేసే పోలెంటా ఉంటాయి. జాగ్రత్త పడాల్సినవి వేరే. బియ్యం, పచ్చి బఠాణీలతో చేసే రీజీ ఎ బీజీ అక్కడి సంప్రదాయ వంట. చూడ్డానికి మన పొంగలికి చుట్టంలా ఉంటుంది, కానీ మామూలుగా పంది మాంసం ముక్కలేసి, మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. అడక్కుండా పిల్లల కంచంలో వడ్డించకండి. నల్లటి పాస్తా కనిపిస్తే అది సముద్రపు జీవి సిరా. చీజు విషయంలో మరీ పట్టింపు ఉన్నవాళ్లు పార్మెజాన్‌కు దూరంగా ఉండాలి, పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ అనే పదార్థం వేస్తారు. సాన్ మార్కోలో కూర్చుని తింటే జేబు ఖాళీ, పది నిమిషాలు లోపలికి నడిస్తే మామూలు ధరలే.

"పిల్లలు చూసేదేమీ లేదు." నాకు కోపం తెప్పించిన పాయింటిది. పొద్దున ఏడున్నరకు కాలువ గట్టున నిలబడి చూడండి. మునిసిపాలిటీ మనిషి ఇంటింటి చెత్త తోపుడు బండిలో నింపుకుని గట్టు దాకా తోసుకొస్తాడు. పడవ మీదున్న క్రేన్ చెయ్యి చాపి, బండిని బండిలాగే గాల్లోకి లేపి, పడవ తొట్టి మీదికి తెచ్చి అడుగు తెరుస్తుంది. చెత్త కింద పడగానే ఖాళీ బండి మళ్లీ గట్టెక్కుతుంది. నాలుగేళ్ల పిల్లాణ్ని అక్కణ్నుంచి కదిలించడం నా వల్ల కాలేదు. ఆ వెనకే పార్సిళ్ల పడవ, పాల పడవ, సిమెంటు బస్తాల పడవ. అదృష్టం బాగుంటే సైరన్ వేసుకుంటూ అంబులెన్స్ పడవ.

సాన్ స్టాయె దగ్గర ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉంది. నైజర్ ఎడారిలో దొరికిన ఊరనోసారస్ డైనోసార్ అస్థిపంజరం అందులో నిలబడి ఉంటుంది. టూర్ బస్సులవాళ్లు అటు తొంగైనా చూడరు. సాన్ ట్రొవాసో దగ్గర గొండోలాలు బాగుచేసే పాత షెడ్డును కాలువ ఇవతల నుంచే చూడొచ్చు. గొండోలా ఎడమవైపు కుడివైపు కన్నా వెడల్పని చెప్పి, ఎందుకో కనుక్కోమనండి. ఒంటి తెడ్డు కుడివైపే ఉంటుంది కదా, తిన్నగా పోవడానికి అలా వంకర కడతారు. ఎండ మరీ ఎక్కువైతే సాన్ జక్కరియా దగ్గర పడవెక్కి లీడో దీవికి పోతే సముద్రపు ఇసుక. బురానో దీవిలో రంగు రంగుల ఇళ్లు. పావురాలకు గింజలు వేయడం మాత్రం 2008 నుంచి నిషేధం, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

అసలైన రెండు కష్టాలు ఆ ఫార్వర్డ్‌లో లేనే లేవు. ఒకటి, టాయిలెట్లు. పబ్లిక్ టాయిలెట్లు తక్కువ, డబ్బులు కట్టాలి, కాబట్టి కేఫ్‌లో కాఫీ తాగినప్పుడల్లా పిల్లల్ని పంపించండి. రెండు, సూట్‌కేసులు. చంకలో బిడ్డ, చేతిలో ఇరవై కిలోల పెట్టె, ఎదురుగా మూడు వంతెనలు. గది బుక్ చేసేటప్పుడు సాన్ మార్కో ఎంత దూరమని అడగొద్దు, వపోరెట్టో స్టాప్ నుంచి ఎన్ని వంతెనలు దాటాలని అడగండి.