కట్టేశాక చూడటమేనా? టవర్ డిఫెన్స్ ఆటలపై వాదోపవాదం

వాదాంశం: టవర్ డిఫెన్స్ ఆటలో ఆడేవారి బుర్రకు నిజంగా పని ఉంటుందా? శత్రువులు గుంపులు గుంపులుగా, వేవ్ తర్వాత వేవ్‌గా వస్తారు. టవర్లు నిలబెట్టి వాళ్లు చివరికి చేరకుండా ఆపాలి. ఆట ఇంతే. బుర్రకు పని లేదంటుంది అక్క, ఉందంటాడు తమ్ముడు. ఇద్దరూ ఈ ఆటల్లో ఆరితేరినవాళ్లే, కాబట్టి వాదన త్వరగా తెమలలేదు.

అక్క: మొదట్లోనే నాలుగు టవర్లు పెడతావు. ఆ తర్వాత కాల్చేవీ అవే, గెలిచేవీ అవే. డబ్బు పోగవగానే అప్‌గ్రేడ్ నొక్కడం తప్ప నీకు వేరే పనేముంది? ఈ ఆటల్లో చాలావాటికి వేగం పెంచే బటన్ ఉంటుంది. నన్ను త్వరగా ముగించెయ్యి అని తానే బతిమాలే ఆటను వ్యూహమని ఎలా అంటావు?

తమ్ముడు: బటన్ సంగతి తర్వాత చెబుతాను. టవర్ ఎక్కడ పెట్టామన్నదే సగం ఆట అక్కా. దారి తిన్నగా సాగే చోట పెడితే శత్రువు దాని పరిధిలో కాసేపే ఉంటాడు. మెలిక తిరిగే చోట లోపలివైపు పెడితే అదే శత్రువు పోతూ ఒకసారి, మళ్లుతూ ఇంకోసారి దెబ్బ తింటాడు. ఖర్చు మాత్రం ఒకటే.

అక్క: మెలిక ఎక్కడుందో మ్యాపు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అందరూ అక్కడే పెట్టేటప్పుడు అందులో నీ నిర్ణయం ఏముంది?

తమ్ముడు: దారి ముందే గీసి ఇచ్చిన ఆటల్లో నీ మాటకు కొంత బలముంది. కానీ 2007లో వచ్చిన డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్‌లో దారే లేదు, ఉన్నది ఖాళీ బల్ల. నీ టవర్లే గోడలు. వాటి మధ్య శత్రువులు నడవాల్సిన వంకర దారిని నువ్వే కట్టాలి, పూర్తిగా మూసేస్తానంటే మాత్రం ఆట ఒప్పుకోదు. కొందరైతే వేవ్ నడుస్తుండగానే ఒక చోట టవర్ అమ్మి సందు తెరిచి, ఇంకో చోట కట్టి మూసి, గమ్యం దాకా వచ్చినవాళ్లను మళ్లీ వెనక్కి నడిపించేవారు. దీన్ని చూస్తూ కూర్చోవడం అంటావా?

అక్క: అనను. ఆ ఆటంటే నాకూ గౌరవమే. అది నడిచిన ఫ్లాష్‌కు, అంటే బ్రౌజర్‌లో ఆటలు నడిపిన సాఫ్ట్‌వేర్‌కు, 2020 చివరితో కాలం చెల్లిపోయింది. ఆ ఆట తర్వాత పేరు తెచ్చుకున్న ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్, కింగ్‌డమ్ రష్, బ్లూన్స్ టీడీ 6 అన్నీ గీసి ఇచ్చిన దారుల ఆటలే. తయారీదారులు ఎటు మొగ్గారో తెలుస్తూనే ఉంది.

తమ్ముడు: ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్‌లో మొక్కలే టవర్లు, సూర్యకాంతే డబ్బు, వరసల్లో వచ్చే జాంబీలే శత్రువులు. అక్కడ అసలు ప్రశ్న ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని. పొద్దుతిరుగుడు మొక్కకు 50 సూర్యకాంతి ఖర్చవుతుంది. అది ఒక్కోసారి 25 ఇస్తుంది, అంటే రెండుసార్లు ఇస్తే పెట్టుబడి తిరిగొస్తుంది. బఠాణీలు కాల్చే మొక్కకు 100 కావాలి. మొదటి జాంబీ కనబడ్డాక ఇంకో పొద్దుతిరుగుడు నాటాలా, కాపలా మొక్క నాటాలా? ఆశపడితే ఒక వరస ఖాళీగా దొరికిపోతుంది.

అక్క: దొరికితే ఏమైంది? వరస చివర గడ్డికోత యంత్రం ఉందిగా, అన్నిటినీ ఊడ్చేస్తుంది.

తమ్ముడు: ఒక్కసారే. రెండోసారి అదే వరసలో దొరికితే ఆట అయిపోయినట్టే. తప్పుకు వెల కట్టాలి, కానీ ఒక్క తప్పుకే ఆట ముగియకూడదు. డిఫెన్స్ గ్రిడ్ అనే ఆటలోనూ అంతే. శత్రువులు శక్తి గోళాలను ఎత్తుకుని మళ్లీ బయటికి వెళ్లాలి. తిరుగుదారిలో పడగొట్టావంటే గోళం మెల్లగా తేలుతూ తన చోటికి వచ్చేస్తుంది.

అక్క: క్షమించే ఆటల గురించి చెప్పావు, శిక్షించేవాటి సంగతేమిటి? బ్లూన్స్‌లో శత్రువులు బెలూన్లే. సీసపు బెలూన్‌ను మామూలు బాణం పగలగొట్టలేదు. నల్ల బెలూన్‌కు పేలుళ్లు తగలవు. కామో బెలూన్లు, అంటే మారురంగుల్లో దాక్కునేవి, చాలా టవర్ల కంటికే ఆనవు. ఇవి తెలియనివాడు ఎంత ఆలోచించినా ఓడతాడు, తెలిసినవాడు ఆలోచించకుండానే గెలుస్తాడు. అంటే గెలిచేది జ్ఞాపకశక్తి. ఇలాంటి ఆటకు మార్కులు వేయమంటే నేను చూసేది ఒకటే: ఎందుకు ఓడానో తెర మీదే తెలిసిందా, వేరే ఎక్కడో వెతుక్కోవాలా?

(టవర్లు ఎన్ని, లెవెళ్లు ఎన్ని అని లెక్కపెట్టి తీర్పు చెప్పే సమీక్షల కంటే ఈ ప్రశ్న ఎన్నో రెట్లు నయం. తమ్ముడు కూడా దీన్ని కాదనలేదు.)

తమ్ముడు: సరే, ఆ కొలతతోనే కొలుద్దాం. ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్‌లో లెవెల్ మొదలవకముందే రాబోయే జాంబీలను చూపిస్తారు, చూసుకుని మొక్కలు ఎంచుకుంటావు. కింగ్‌డమ్ రష్‌లో వచ్చే వేవ్‌లో ఎవరున్నారో ముందే తెలుస్తుంది. కవచం ఉన్నవాడి మీద బాణాల జోరు తగ్గుతుంది, మంత్రం మాత్రం పనిచేస్తుంది. బ్లూన్స్ ఇక్కడ తడబడుతుంది, నిజమే. ఇక నీ వేగం బటన్ సంగతి. కింగ్‌డమ్ రష్‌లో గడువుకు ముందే వేవ్‌ను పిలిస్తే అదనంగా బంగారం ఇస్తారు. 20 ప్రాణాల్లో కనీసం 18 మిగిలితేనే మూడు నక్షత్రాలు. తొందరపడటం కూడా అక్కడ పందెమే.

అక్క: అదే ఆట ఫోనులో హీరోలను, అంటే టవర్లతో పాటు పోరాడే ప్రత్యేక పాత్రలను, డబ్బుకు అమ్ముతుంది. కొన్న హీరోతో గెలిస్తే ఆ గెలుపు నీ బుర్రదా, నీ పర్సుదా?

తమ్ముడు: అందుకే నేను బ్లూన్స్‌లోని చింప్స్ పద్ధతిని నమ్ముతాను. ఒక్క ప్రాణం కూడా పోకూడదు. అదనపు ఆదాయం రాబట్టకూడదు. కట్టినదాన్ని అమ్మకూడదు. బయట కూడబెట్టుకున్న శక్తులేవీ పనిచేయవు. ఏది, ఎక్కడ, ఎప్పుడు అన్నవే మిగులుతాయి.

అక్క: తమ ఆటలో సరుకుందో లేదో తేల్చడానికి తాము తగిలించిన హంగులను తామే ఊడబెరకాల్సి వచ్చిందన్నమాట! మామూలు పద్ధతి మీద ఇంతకంటే గట్టి విమర్శ నేనూ చేయలేను.

తమ్ముడు: ఊడబెరికినా ఆట నిలబడింది కదా.

అక్క: నిలబడింది. కానీ అక్కడికి చేరాలంటే ముందు మిగతా కఠినమైన పద్ధతులు దాటుకుంటూ రావాలి. కొత్తవాడికి అది కనుచూపు మేరలో ఉండదు.

తమ్ముడు: నేర్పడానికి సమయం పట్టదా?

అక్క: జాంబీల ఆట లెవెల్ దాటినప్పుడల్లా దాదాపు ఒక కొత్త మొక్క చేతికిచ్చి నేర్పింది. బ్లూన్స్‌వాళ్లు నేర్పకుండా వాయిదా వేస్తున్నారు.

తమ్ముడు: అయితే బ్లూన్స్‌కు ఎన్ని మార్కులు?

అక్క: పదికి ఆరు. చింప్స్‌కు మాత్రం ఎనిమిది.

తమ్ముడు: ఒకే ఆటకు రెండు రకాల మార్కులా?

అక్క: ఒకే ఆటలో రెండు ఆటలు పెట్టింది వాళ్లే కదా.