రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ పెట్టింది ఎవరు?

2015 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో అక్కడి కౌన్సిల్ ఒక నీలిరంగు ఫలకం పెట్టింది. గాయకుడు మిక్ జాగర్, గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ 1961 అక్టోబర్ 17న రెండో నంబర్ ప్లాట్‌ఫామ్ మీద కలుసుకున్నారని, తర్వాత రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్‌ను స్థాపించారని దాని సారాంశం. కొన్ని నెలలకే బిల్ వైమన్ ఆ రాత తప్పని బీబీసీతో అన్నాడు. 30 ఏళ్లు అదే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించినవాడు కాబట్టి ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. బ్యాండ్ పెట్టాలనుకున్నది గిటారిస్ట్ బ్రయన్ జోన్స్, ఒక్కొక్కరినీ వెతికి చేర్చుకున్నదీ పేరు పెట్టిందీ అతనే, మొదట్లో లీడరూ అతనే అని వైమన్ వాదన. కౌన్సిల్ ఫలకం మార్చడానికి ఒప్పుకుంది. అభిమానుల మధ్య గొడవ మాత్రం ఆగలేదు. అంతకు ముందూ ఉంది, ఇప్పటికీ ఉంది.

నా మటుకు ఈ గొడవలో బ్రయన్ పక్షానిదే పైచేయి. కానీ ఆ పక్షంవాళ్లు దాన్ని లాగినంత దూరం లాగితే వాదన తెగిపోతుంది.

ముందు స్టేషన్ కథ చూద్దాం. జరిగిందే, అందులో కల్పన లేదు. చిన్నప్పుడు ఒకే స్కూల్లో చదివి విడిపోయిన ఇద్దరు కుర్రాళ్లు, ఒకడి చంకలో అమెరికన్ రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ రికార్డులు, రెండోవాడి కళ్లు వాటి మీదే. ఇంతకంటే మంచి ప్రారంభం ఏ కథకుడికి దొరుకుతుంది? అయితే ఆ రోజు పుట్టింది ఒక స్నేహం. ఆ స్నేహం వల్ల కీత్ వెళ్లి చేరింది లిటిల్ బాయ్ బ్లూ అండ్ ద బ్లూ బాయ్స్ అనే ఔత్సాహిక బృందంలో. అది అప్పటికే జాగర్, డిక్ టేలర్ తదితరులు కలిసి వాయించుకుంటున్న బృందం. రోలింగ్ స్టోన్స్ అన్న పేరు రావడానికి ఇంకా చాలా నెలలుంది.

అసలు పని మొదలైంది 1962 వసంతంలో. బ్లూస్ వాయించే అలెక్సిస్ కోర్నర్ బృందం మార్చిలో లండన్ శివార్లలో ఈలింగ్ క్లబ్ తెరిచింది. చెల్టెనమ్ ఊరినుంచి వచ్చిన బ్రయన్ ఏప్రిల్‌లో అక్కడ ఎల్మో లూయిస్ అనే మారుపేరుతో స్లైడ్ గిటార్ వాయిస్తుంటే, డార్ట్‌ఫర్డ్ కుర్రాళ్లు నోరు తెరుచుకుని చూశారు. మే 2న బ్రయన్ జాజ్ న్యూస్ పత్రికలో ఒక ప్రకటన వేశాడు: రిథమ్ అండ్ బ్లూస్ బృందానికి వాద్యకారులు కావాలని. మొదట వచ్చినవాడు పియానో వాయించే ఇయన్ స్టూవర్ట్. తర్వాత జాగర్ వచ్చాడు, తనతో కీత్‌ను తెచ్చాడు. చక్ బెర్రీ పాటలంటే గిట్టని ఇద్దరు బ్లూస్ ఛాందసులు అప్పుడే విసుక్కుని వెళ్లిపోయారు. ఆ ఇద్దర్నీ వదులుకుని కీత్‌ను ఉంచుకోవాలన్న నిర్ణయం బ్రయన్, స్టూవర్ట్‌లది. బ్యాండ్ రుచి తేలిపోయింది అక్కడే అని నేననుకుంటాను. పేరు సంగతి కీత్ స్వయంగా చెప్పిందే: పత్రికవాళ్లు ఫోన్‌లో బృందం పేరేమిటని అడిగితే, నేల మీద పడి ఉన్న మడ్డీ వాటర్స్ రికార్డు మీది పాట పేరు చూసి బ్రయన్ అదే చెప్పేశాడు.

పత్రికలో చిన్న ప్రకటన, ఫోన్‌లో ఒక మాట. చూడ్డానికి ఇందులో ఏ మెరుపూ లేదు, అందుకే వెనకబడింది. ప్లాట్‌ఫామ్ మీద ఫలకం పెట్టొచ్చు, క్లాసిఫైడ్ ప్రకటన మీద ఏం పెడతారు?

ఎదుటి పక్షం చేతిలోనూ ఒక గట్టి కాగితం ఉంది. 1962 జూలై 12న లండన్‌లోని మార్కీ క్లబ్‌లో బ్యాండ్ తొలి ప్రదర్శన. కోర్నర్ బృందానికి ఆ రాత్రి బీబీసీ కార్యక్రమం ఉండటంతో ఖాళీ దొరికింది. ముందురోజు జాజ్ న్యూస్ రాసిన వార్తలో, గాయకుడు మిక్ జాగర్ ఒక బృందాన్ని మార్కీకి తీసుకొస్తున్నాడని ఉంది. బ్రయన్ పేరు వాద్యకారుల వరుసలో, అదీ ఎల్మో లూయిస్ అని! బ్రయన్ ప్రకటన వేసుకున్న పత్రికే జాగర్ బృందమన్నట్టు రాసింది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. జాగర్ అప్పటికే కోర్నర్‌తో పాడుతూ కొంచెం పేరు తెచ్చుకున్నాడు, విలేకరికి తెలిసిన పేరు అదే. మన దగ్గరా అంతే కదా, బృందంలో పది మంది ఉన్నా వార్తలోకెక్కేది పాడేవాడి పేరే. కాబట్టి ఆ వార్త ఆ రోజు ఎవరు ప్రముఖులో చెబుతుంది, ఎవరు కూడగట్టారో చెప్పదు.

అదే వార్తలో డ్రమ్మర్‌గా మిక్ ఏవరీ పేరుంది. ఏవరీ మాత్రం ఆ రాత్రి తాను వాయించలేదంటాడు. వాయించింది టోనీ చాప్‌మన్ అని కొందరి మాట. తొలి రాత్రి డ్రమ్స్ వెనక కూర్చున్నది ఎవరో తేలని చోట, మొదటి ఆలోచన ఎవరిదో అణాపైసలతో తేల్చాలనుకోవడం అత్యాశే. వైమన్ సాక్ష్యానికీ ఒక హద్దుంది. అతను చేరింది 1962 డిసెంబర్‌లో. మే, జూన్ నెలల సంగతులు అతనికీ విన్నవే. చేరిన తర్వాత లీడర్‌గా నడిచింది ఎవరన్నది మాత్రం అతను కళ్లారా చూసిందే.

మరి బ్రయన్ పేరు ఎందుకు జారిపోయింది? అభిమానులు దీన్ని స్నేహ ద్రోహం కథగా చెప్పుకుంటారు. నాకు కనిపించేది డబ్బు లెక్క. 1963లో మేనేజర్‌గా వచ్చిన ఆండ్రూ లూగ్ ఓల్డమ్‌కు అప్పుడు 19 ఏళ్లు. వేరేవాళ్ల పాటలు వాయించుకుంటూ ఎంతకాలం బతుకుతామని జాగర్, కీత్‌లను పాటలు కట్టమని వెంటపడ్డాడు. మొదట్లో అందరూ కలిసి చేసినవాటికి నాంకర్ ఫెల్జ్ అనే ఉమ్మడి పేరు వేసేవారు, ఆదాయం అందరిదీ. క్రమంగా అది తగ్గి జాగర్-రిచర్డ్స్ పేరే మిగిలింది. 1966లో వచ్చిన ఆఫ్టర్‌మాత్ ఆల్బమ్‌లో పాటలన్నీ ఆ ఇద్దరివే. పాట రాసినవాడికి రాయల్టీ వస్తుంది, బ్యాండ్ పెట్టినవాడికి ఏ రాయల్టీ లేదు. డబ్బు ఎటు వెళ్తే అధికారం అటు వెళ్లింది.

ఆఫ్టర్‌మాత్ కాలంలోనే బ్రయన్ ఎంత పని చేశాడో వింటే తెలుస్తుంది. పెయింట్ ఇట్ బ్లాక్‌లో సితార్, అండర్ మై థంబ్‌లో మరింబా, లేడీ జేన్‌లో డల్సిమర్, తర్వాత రూబీ ట్యూస్‌డేలో రికార్డర్ అనే పిల్లనగ్రోవి లాంటి వాద్యం, అన్నీ అతను వాయించినవే. ఇవి తీసేస్తే ఆ పాటలు నిలబడవు. కానీ కాపీరైట్ లెక్కలో పదాలు, బాణీ వేరు, వాయించడం వేరు.

ఇక్కడ బ్రయన్ అభిమానులు గీత దాటతారు. పెట్టింది అతనే కాబట్టి బ్యాండ్ అతనిదే, మిగతావాళ్లు కాజేశారు అంటారు. ఒప్పుకోను. బ్రయన్ నిలబడే పాటలు రాయలేదు. లీడర్‌నని వారానికి 5 పౌండ్లు అదనంగా తీసుకునేవాడని తెలిసి మిగతావాళ్లు మండిపడ్డారు. మత్తుపదార్థాలు, అరెస్టులు, రికార్డింగులకు డుమ్మాలు, ఇవన్నీ నిజాలే. 1969 జూన్ 8న జాగర్, కీత్, డ్రమ్మర్ చార్లీ వాట్స్ అతని ఇంటికి వెళ్లి ఇక బ్యాండ్‌లో లేవని చెప్పారు. జూలై 3న అతను ఈతకొలనులో చనిపోయాడు, 27 ఏళ్లకే. ఆ చావు విషాదం కాబట్టి ముందు తీసుకున్న నిర్ణయం తప్పయిపోదు.

2012లో బ్యాండ్ 50 ఏళ్ల పండగ చేసుకుంది, మార్కీ రాత్రి నుంచి లెక్కపెట్టి. అప్పుడే కీత్ ఒక మెలిక పెట్టాడు: 2012 కడుపున పడిన ఏడాదికి గుర్తు, పుట్టింది మాత్రం ఆ తర్వాతి ఏడాదేనని. ఎందుకంటే చార్లీ వాట్స్ చేరింది 1963 జనవరిలో. ఈ లెక్క ప్రకారం బ్యాండ్‌కు ప్రాణం పోసింది డ్రమ్మర్. గమ్మత్తేమిటంటే ఇదే కీత్ తన ఆత్మకథలో మరో పేరు చెబుతాడు, ఇయన్ స్టూవర్ట్.

స్టూవర్ట్ ప్రకటన చూసి మొదట వచ్చినవాడని చెప్పుకున్నాం. ఓల్డమ్ వచ్చీ రాగానే ఆరుగురు ఎక్కువని, ఇతని వాలకం పాప్ స్టార్‌లా లేదని ఫొటోల్లోంచి తీసేశాడు. అతను అలిగి పోలేదు. వ్యాన్ నడిపాడు, సామాన్లు మోశాడు, రికార్డుల్లో పియానో వాయించాడు, 1985లో చనిపోయేదాకా వాళ్లతోనే ఉన్నాడు. 1989లో అమెరికాలో రాక్ ప్రముఖులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో బ్యాండ్ సభ్యుల పేర్లతోపాటు అతని పేరూ ఎక్కింది. తాను ఇప్పటికీ స్టూ కోసమే పనిచేస్తున్నానని, తన దృష్టిలో అది అతని బ్యాండేనని కీత్ రాశాడు. ఈ మాట జాగర్ అభిమానులకూ పనికిరాదు, బ్రయన్ అభిమానులకూ పనికిరాదు. అందుకే వాదనల్లో దాన్ని ఎత్తేవాళ్లు అరుదు.